నిబంధనల క్లాసు చెప్పబోతున్న మా అబ్బాయికి

అబ్బయ్యా,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, యూత్‌కి పన్నెండు వారాలు నిబంధనల మీద, అంటే దేవుడు మనుషులతో చేసిన ఒడంబడికల మీద, క్లాసు చెప్తావంట కదా. సంతోషమేరా, కానీ రాత్రి నిద్ర పట్టలా.

వరస నీకు తెలిసిందే, ఆదికాండం 3:15, నిర్గమ 24, యిర్మీయా 31, లూకా 22. దేవుడు అబ్రాముతో నిబంధన చేసిన ఆదికాండం 15 దగ్గర మాత్రం తొందరపడబాక. మన కౌలు కాగితం మీద ఇద్దరూ సంతకం పెడతారు, అక్కడ అబ్రాము గాఢనిద్రలో ఉంటే రెండుగా చీల్చి పెట్టిన జంతువుల ముక్కల మధ్య నిప్పు ఒక్కటే నడిచిపోయింది, పూచీ అంతా దేవుడిదే.

"పాత నిబంధన అయిపోయింది" అని మాత్రం నోరు జారబాక. నేను జారా. ఇరవైనాలుగేళ్ళోడిని, ట్రైనింగ్ అయ్యొచ్చిన పొగరు, కందుకూరు పక్క ఊళ్ళో కూటంలో హెబ్రీ 8:13 పట్టుకుని పాతదంతా కొట్టేశారు అని గొంతు చించుకున్నా. అయిపోయినాక ఒక ముసలామె వచ్చింది, పొగాకు పనికి పోయే మనిషి, వేళ్ళన్నీ జిగురుతో నల్లగా ఉండాయి. చదువు రాదు, మొగుడు పోయినప్పుడు ఎవరో నేర్పిన 23వ కీర్తన రోజూ పొయ్యి ముట్టిస్తా చెప్పుకునేదంట. "అయ్యా, మరి నా కీర్తన గూడా కొట్టేసినట్టేనా?" అంది. నేనేమన్నానో తెలుసా, "చెప్పుకోమ్మా, తప్పులేదు" అన్నా. తప్పులేదంట! నేనెవడ్రా పర్మిషన్ ఇచ్చేదానికి?

హెబ్రీలో పాతదన్నది సీనాయి కొండ దగ్గర మోషే ద్వారా ఇచ్చిన ఏర్పాటు, ఆ బలులు, ఆ యాజకులు. ఆ అబ్రాముకి, అదే తర్వాత అబ్రాహాము అయినాయనకి, ఇచ్చిన మాట కాదు. 430 ఏళ్ళ తర్వాత వచ్చిన ధర్మశాస్త్రం ముందటి నిబంధనని కొట్టేయదని పౌలు గలతీ 3:17లో లెక్కేసి మరీ చెప్పాడు, ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ నల్ల వేళ్ళే గుర్తొస్తాయి. నెల తర్వాత పోయి తప్పు ఒప్పుకున్నా. ఆమె అసలు మానలేదంట, "పిల్లోడివిలే అయ్యా" అని మజ్జిగ ఇచ్చింది.

ఇంకోటి, నాకు అసలు భయం ఇదే. 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ ఒప్పుకోలు, అదే ఆ ప్రెస్బిటేరియన్ల విశ్వాస ప్రకటన, చదివి, సున్నతికి బదులు బాప్తిస్మం, కాబట్టి పసిబిడ్డలకీ ఇవ్వాలని మొదటివారమే ఎత్తావనుకో, చెప్పులు వెతుక్కోవాల్సిందే. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది మునిగి బాప్తిస్మం తీసుకున్న ఒంగోలు ఇది, బాప్టిస్టుల్లో నమ్మినోళ్ళకే బాప్తిస్మం. 1689 బాప్టిస్టు ఒప్పుకోలు కూడా పక్కన పెట్టుకో, ఆదాము నుంచి అందరికీ రక్షణ క్రీస్తులోనే అనేది వాళ్ళ మాట కూడా, తేడా ఎక్కడో ఆఖరి వారాల్లో నిదానంగా చెప్పు.

వేడినీళ్ళ ఫ్లాస్కు తీసుకుపో, నీ గొంతు అరగంటకే పోద్ది. మొదటి క్లాసుకి నేనొచ్చి వెనక కూర్చుంటా, నోరెత్తను. ఎత్తితే గిల్లడానికి మీ పెద్దమ్మ పక్కనే ఉంటది.

మీ పెదనాన్న