లిమిటర్ పెట్టినా బేస్ స్పీకర్ ఎందుకు కాలింది?

గాజువాకలో చవితి మండపానికి కట్టిన 500 వాట్ల, 8 ఓమ్స్ బేస్ స్పీకర్ లిమిటర్ (సౌండ్ సిగ్నల్‌ని ఒక హద్దు దాటనివ్వనిది) ఉన్నా పోయిందని అడిగారు కదా, లిమిటర్ ఉంటే సరిపోదండీ, ఎన్ని వోల్ట్‌ల దగ్గర ఆపుతోందో చూడాలి.

స్పీకర్ వాట్లకి ఎన్ని వోల్ట్‌లో తెలియాలంటే, వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయండి. 500 ఇంటూ 8 అంటే 4000, దాని వర్గమూలం దాదాపు 63 వోల్ట్‌లు. కానీ గంటల తరబడి డీజే బేస్ కొడితే కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) వేడెక్కిపోతుంది, మన వైజాగ్ ఉక్కపోతలో చల్లారడానికి గాలి కూడా ఆడదు, అందుకే నేనైతే ఆర్‌ఎంఎస్ లిమిటర్ (సగటు పవర్‌ని అదుపు చేసేది) సగం వాట్లకే, అంటే 45 వోల్ట్‌లకే పెడతాను. రెండు స్పీకర్లు పారలల్‌లో కట్టినా ఒక్కోదానికి వెళ్ళే వోల్టేజ్ అదే, లెక్క మారదు.

స్పీకర్ వైర్లు పూర్తిగా తీసేసి 50 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, ఆంప్ అవుట్‌పుట్‌కి మల్టీమీటర్ ఏసీలో పెట్టండి, షాక్ కొడుతుంది జాగ్రత్త. మిక్సర్ పెంచుతున్నా రీడింగ్ 45 దగ్గరే ఆగిపోయేదాకా థ్రెషోల్డ్ (లిమిటర్ ఆపడం మొదలుపెట్టే హద్దు) దించండి. తర్వాత ఆంప్ గెయిన్ నాబ్ ఎవరైనా తిప్పితే ఈ లెక్కంతా పోయినట్టే, నేను నాబ్ మీద టేప్ వేసేస్తా.

పోయిన స్పీకర్ కోన్‌ని వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి. గరగరమని, కాలిన వాసన వస్తే వేడికి పోయింది. కోన్ చిరిగితే ఎక్కువ ఊగి పోయింది, దానికి పీక్ లిమిటర్‌తో (ఒక్కసారిగా వచ్చే పెద్ద సిగ్నల్‌ని ఆపేది) పాటు 35-40 హెర్ట్జ్ దగ్గర, బాక్స్ ట్యూనింగ్‌ని బట్టి, హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా లోతైన బేస్‌ని తగ్గించేది) కూడా తప్పనిసరి.