బీఎడ్‌కి ముందు లీవ్ వేకెన్సీలో చేసి చూడొచ్చా?

"బీఎడ్‌లో చేరాలో వద్దో తేలడం లేదు, ముందు లీవ్ వేకెన్సీలో, అంటే సెలవు పెట్టిన టీచరు బదులు, కొన్నాళ్లు పాఠాలు చెప్తే తెలుస్తుందా" అని అడిగారు. తెలుస్తుంది. కానీ రెండు రోజులకు తెలిసేది గోల ఒక్కటే. మూడు నెలలు ఉండాలి.

నా బీఎస్సీ అయ్యాక తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మేడమ్ ప్రసూతి సెలవు పెడితే ఆవిడ బదులు నన్ను తీసుకున్నారు. చట్టం 26 వారాలంటుంది, ఆవిడకిచ్చింది మూడు నెలలు, అదీ జీతం లేకుండా. ఆ మిగిలిన జీతంలో సగం నాకిచ్చారు. మిగతా సగం ఎటు పోయిందో అడగలేదు, లెక్కల టీచర్నే కదా, తెలిసిపోయింది.

ఏడో తరగతి వాళ్లు మొదటి వారమంతా "మా మేడమ్ అయితే ఇలా చెప్పదండీ" అనే పాటే. పూర్ణసంఖ్యల గుణకారం జరుగుతోంది. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని బోర్డు మీద రాశా. చివరి బెంచీ కుర్రాడు లేచి "ఎందుకండీ?" అన్నాడు. "అది రూల్" అన్నా. "మా మేడమ్ కూడా అంతే చెప్పిందండీ" అని కూర్చున్నాడు. అప్పటిదాకా ఆవిడతో పోల్చొద్దని మొత్తుకున్నదాన్ని, ఆ ఒక్క పోలికకి తల కొట్టేసినట్టయింది.

రాత్రంతా ఆలోచించా. వాళ్ల నాన్నది కిరాణా కొట్టు. మర్నాడు వాణ్నే లేపి అడిగా: "మీ ఖాతా పుస్తకంలో ఒకాయన పేరు మీద పదేసి రూపాయల బాకీలు మూడున్నాయి. మీ నాన్న ఆ మూడూ కొట్టేశాడు. ఆయన పరిస్థితి ఏంటి?" "ముప్పై మిగిలినట్టేనండీ." "బాకీ మైనస్, కొట్టేయడం ఇంకో మైనస్. చూశావా, ప్లస్ వచ్చింది." క్లాసంతా నిశ్శబ్దం. వాడు కాసేపు ఆగి, "మరి మాకు ముప్పై మైనస్ కదండీ?" అన్నాడు. అంత నవ్వు ఆ గదిలో మళ్లీ వినలేదు. నేను బీఎడ్‌లో చేరింది ఆ పీరియడ్ వల్లే.

తర్వాత రెండేళ్ల బీఎడ్ (2015 నుంచి రెండేళ్లు చేశారు) లెసన్ ప్లాన్ రికార్డులు రాయడానికే సరిపోయింది. ఆ కుర్రాడి ప్రశ్నకి జవాబు ఆ రికార్డుల్లో ఒక్క పేజీలోనూ లేదు. బీఎడ్ చదివాక పాఠం చెప్పడం వస్తుందనుకునేవాళ్లని చూస్తే నాకు జాలి.

ఇంకో మాట. లీవ్ వేకెన్సీ వాళ్లకి లీజర్ పీరియడ్ ఉండదు. ఎవరు రాకపోయినా సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్ మన దగ్గరికే వస్తుంది. హిందీ సరిగా చదవడం రాని నేను ఆరో తరగతికి హిందీ డిక్టేషన్ చెప్పా, మార్కులు కూడా వేశా. ఫీజు కట్టని ఇళ్లకి ఫోన్లూ నాతోనే చేయించారు. అవన్నీ అయ్యాక కూడా పొద్దున్నే వెళ్లాలనిపిస్తే చేరండి.

వచ్చే జూన్‌లో ఎవరు సెలవు పెడతారో స్కూలు వాళ్లకి ఏప్రిల్లోనే తెలుస్తుంది, అప్పుడే వెళ్లి కలవండి. దసరా సెలవుల జీతం ఇస్తారో లేదో చేరకముందే అడగండి. నేను అడగలేదు, ఇవ్వలేదు.