సంక్రాంతికి కోలాటం వేయిద్దామనుకుంటున్న చెల్లెలికి

ఒంగోలు నుంచి వచ్చి మూడు నెలలే అయిందనీ, పన్నెండు మంది ఆడవాళ్లని కూడగట్టాననీ, ఒక్కరికీ డాన్స్ రాదనీ రాశావు. జడ కోలాటం వీడియో పంపి, ఇది నేర్పించొచ్చా అక్కా అని అడిగావు. వద్దమ్మా. మొదటిసారి నేనూ అదే పట్టుకున్నాను. ఏం జరిగిందో చెప్తాను, విను.

నేను టొరంటో పక్కనున్న ఈ ఊరికి 2009లో వచ్చాను. మాది కావలి దగ్గర పల్లె. రామాలయం ముందు కోలాటం చూస్తూ పెరిగినదాన్ని, నాకు రానిదేముంది అనుకున్నాను. 2011 సంక్రాంతికి పదహారు మందితో జడ కోలాటం మొదలుపెట్టాను. నాలుగు ఆదివారాలు ప్రాక్టీసు చేశాం. పైన కొక్కేనికి పదహారు రంగుల తాళ్లు కట్టాం. ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో కోల. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఒకరిని లోపల్నుంచి, ఇంకొకరిని బయట్నుంచి దాటుకుంటూ పోతే పైన జడ పడుతుంది. వెనక్కి తిరిగితే విడిపోవాలి.

మాది విడిపోలేదు. పొదిలి నుంచి వచ్చిన ఒకమ్మాయి లోపల్నుంచి పోవాల్సినచోట బయట్నుంచి పోయింది. అక్కడ ముడి పడిపోయింది. పాట నడుస్తూనే ఉంది, పదహారు మందీ తాళ్లు పట్టుకుని నిలబడిపోయాం. అందరి కళ్లూ ఆ పిల్ల మీదే. నేను కూడా అందరి ముందే, “నిన్నటిదాకా బాగానే చేశావు కదమ్మా” అన్నాను. ఆ అమ్మాయి మళ్లీ మా దగ్గరికి రాలేదు. డిపెండెంట్ వీసా మీద వచ్చింది, భర్త పొద్దున పోతే రాత్రికి వస్తాడు, బయట మైనస్ పది, కారు నడపడం రాదు. వారం మొత్తంలో తను నలుగురితో తెలుగులో మాట్లాడేది ఆ ఆదివారం ఒక్కటేనట. ఆ సంగతి ఏడాది తర్వాత వేరేవాళ్లు చెప్తే తెలిసింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

అందుకే చెప్తున్నా. ఒకరు తప్పితే మొత్తం ఆగిపోయే ఆట కొత్తవాళ్లకి పెట్టబాక. ఒకరు తప్పినా, ఒకరు రాకపోయినా నడిచిపోయేది పెట్టు.

మరుసటేడు ఇంటికి పోయినప్పుడు మా ఊళ్లో కోలాటం నేర్పే పెద్దమ్మ దగ్గర రోజూ సాయంత్రం కూర్చున్నాను. చిన్నప్పుడు చూశానే గానీ, ఎట్లా నేర్పుతారో గమనించలేదు. మొదటి రెండు రోజులు ఆమె ఎవరికీ కోలలివ్వలేదు. ఉత్త చేతుల్తో అడుగు. అడుగు కుదిరాక గొబ్బి తట్టినట్టు చప్పట్లు. కోలలు ఆ తర్వాతే. కొత్త పిల్ల ఎవరొచ్చినా, ఆట బాగా వచ్చినవాళ్లిద్దరి మధ్యలోనే నిలబెట్టేది. పాట తనే పాడేది కాబట్టి, ఎవరైనా తడబడితే పాట కూడా నెమ్మదించేది. ఒక పిల్ల తప్పి ఆగిపోతే, “ఆగబాకమ్మే, పక్కనోళ్ల కాలు చూసి కలుసుకో” అనింది. అంతే, ఎవరూ నవ్వలేదు.

నువ్వూ అట్లాగే చెయ్యి. ముందు ఒకే వలయం, ఎవరి కోలలు వాళ్లే కొట్టుకోవాలి. అప్పుడు జోడీ రాలేదన్న టెన్షన్ ఉండదు, పదకొండు మందైనా ఆడొచ్చు. ఎనిమిది లెక్కలు ముందుకి, నాలుగు లోపలికి, నాలుగు వెనక్కి. దిక్కు మార్చడం ఇప్పుడే వద్దు, కొత్తవాళ్లు గుద్దుకునేది అక్కడే. ఇది బాగా అలవాటయ్యాక లోపలొక వలయం, బయటొక వలయం పెట్టి జంట కోలాటంలోకి పో. తర్వాత కూచిపూడి నేర్చుకున్నవాళ్లు ఎవరైనా చేరితే ముందు నిలబెట్టకు, మధ్య మధ్యలో కలిపెయ్యి. రికార్డు పాట మన కోసం ఆగదు కాబట్టి, గొంతున్న ఒకరి చేత రాముడి పాట ఏదైనా పాడించు. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యలు, అమ్మలు ఉంటారు కదా, మోకాళ్ల నొప్పులైతే కుర్చీల్లో కూర్చోబెట్టి చేతికి తాళాలిచ్చి వాయించమను. వాళ్లకి ఇక్కడ పగలు గడవడం నీకంటే కష్టం.

కోలలు ఇండియా నుంచి తెప్పించాల్సిన పనిలేదు. హార్డ్‌వేర్ షాపులో గుండ్రటి గట్టి చెక్క కడ్డీ కొని, మూరెడుకి కొంచెం తక్కువగా కోయించి, అంచులు గరుకు కాగితంతో రుద్దు. మెత్తటి చెక్క పేళ్లు లేచి చేతికి గుచ్చుకుంటుంది, మోత కూడా రాదు. జిమ్ నేల మీద సాక్సుతో ఆడనీయకు, జారతారు. అపార్ట్‌మెంట్‌లో అయితే చప్పట్లతోనే కానివ్వు. హాలు బుకింగు, ఇన్సూరెన్సు రూల్స్ కమ్యూనిటీ సెంటర్‌లో అడిగితే చెప్తారు. చీరలు ఒకే రంగులో ఉండాలని పట్టుబట్టకు. ఎవరి దగ్గరున్న నేత చీర వాళ్లు కట్టుకుంటారు. నేను మా వెంకటగిరి చీరే కడతాను.

ఆ మరుసటి సంక్రాంతికి ఇట్లాగే తొమ్మిది మందితో మొదలుపెట్టాను. ఇప్పుడు నలభై మందిమి. మధ్యలో ఎంతమంది తప్పారో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆట ఆగలేదు.

ప్రాక్టీసుకి ఎవరైనా రాకపోతే గ్రూపులో మెసేజ్ పెట్టి వదిలేయకు. ఆ రాత్రే ఫోన్ చెయ్యి. కారు లేదంటే నువ్వే పోయి ఎక్కించుకురా.