సేవా క్లబ్బులు ప్రపంచమంతా ఎలా పెరుగుతాయి, ఎలా సాయపడతాయి?

డబ్బుతో కాదు, అంటుకట్టినట్టు పెరుగుతాయి. ఉన్న క్లబ్బు పక్క ఊళ్లో కొత్తదానికి అండగా నిలుస్తుంది. రోటరీలోనైనా లయన్స్‌లోనైనా చార్టర్ (క్లబ్బుకు అధికారిక గుర్తింపు) రావాలంటే మామూలుగా 20 మంది సభ్యులు కావాలి. చిక్కంతా ఇక్కడే. మొహమాటానికి చేరినవాళ్లతో లెక్క నింపితే రెండో ఏడాది చందా కట్టే వేళకి సగం మంది కనిపించరు. చేరిన నెలలోపే ఏదో ఒక పని చేతికిస్తే మనిషి నిలుస్తాడు.

పెద్ద పనులకు రెండు దేశాల క్లబ్బులు జతకడతాయి. రోటరీ గ్లోబల్ గ్రాంటుకు (ఇలాంటి పనులకు రోటరీ ఇచ్చే నిధికి) పని జరిగేచోటి క్లబ్బు, బయటి దేశపు క్లబ్బు రెండూ ఉండాలి. బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు. ముందుగా స్థానిక అవసరాల అంచనా తప్పనిసరి. అది కాగితం తంతు కాదు. చేతిపంపు వేసి ఫొటో దిగి వెళ్లిపోతే, లోపలి వాషర్ అరిగిన రోజున ఆ పంపు ఇనుప దిమ్మే. వాషర్ ఎక్కడ దొరుకుతుంది, ఎవరు మారుస్తారు, ఖర్చు ఎవరిది? ఈ మూడూ తేలాకే తవ్వకం మొదలవ్వాలి.

ఇంకో లోపం, అధ్యక్షుడు ఏటా మారడం. కొత్తాయన కొత్త పథకం ఎత్తుకుంటే పాతది అనాథ. 1985లో మొదలైన రోటరీ పోలియో కార్యక్రమం దశాబ్దాలు సాగిందంటే, దాన్ని ఏ ఒక్క అధ్యక్షుడి సొంత పథకంగానూ వదిలేయకపోవడం వల్లే. చిన్న క్లబ్బయినా మూడేళ్ల ప్రణాళిక రాసి, వచ్చే ఏడాది అధ్యక్షుణ్ణి ఇప్పుడే కమిటీలో కూర్చోబెట్టాలి.