తోట మీద అప్పు చేసి సినిమా కెమెరా కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చదివి, రెండేళ్లుగా అమలాపురంలో ఒక స్టూడియో తరఫున పెళ్లిళ్లకు వీడియో తీస్తున్నాడు. ఇప్పుడు సొంతంగా మొదలుపెడతానంటున్నాడు. సోనీ ఎఫ్ఎక్స్6 అనే సినిమా కెమెరాయే కావాలట. లెన్సులు, మిగతా సామానుతో కలిపి తొమ్మిది లక్షలు చెబుతున్నాడు. వాడి స్నేహితులు మాత్రం ఫొటో, వీడియో రెండూ తీసే హైబ్రిడ్ కెమెరా చాలంటున్నారు. ఎప్పటికైనా సినిమాల్లో కెమెరామన్ కావాలని వాడి కోరిక. బొమ్మలో నిజంగా అంత తేడా ఉంటుందా? కొబ్బరితోట మీద అప్పు తీసుకోమంటారా?
ఒక తండ్రి, రాజోలు మండలం

జవాబు: ఈ ఏడాదికి అప్పు వద్దండి. ఎఫ్ఎక్స్6 మంచి కెమెరాయే, మీ వాడు అడిగినదాంట్లో తెలివితక్కువతనం ఏమీ లేదు. కాకపోతే దానికి పెట్టే అదనపు డబ్బులో ఎక్కువ భాగం బొమ్మకు పోదు, బొమ్మ తీసే పని సులువు కావడానికి పోతుంది. ఆ సులువు ఏడాదిలో ఎన్ని రోజులు అక్కరకొస్తుందో లెక్క వేసుకోవాలి.

ముందు బొమ్మ సంగతి. ఎఫ్ఎక్స్6, సోనీవారిదే హైబ్రిడ్ కెమెరా ఏ7ఎస్ 3 రెండూ 2020లో వచ్చాయి. ఈ రెంటికీ మధ్యరకం ఎఫ్ఎక్స్3 2021లో వచ్చింది. మూడింట్లోనూ బొమ్మను పట్టే పలక ఒకటే: ఒకే తరం 12 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్. ఒకే లెన్సు పెట్టి, ఒకే వెలుతురులో ఎస్-లాగ్3లో (తరవాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా బొమ్మను చప్పగా రికార్డు చేసే పద్ధతి) తీసి పక్కపక్కన ఆడిస్తే పెళ్లివారి మాట అలా ఉంచండి, ఎడిటింగ్ చేసే కుర్రాడు కూడా ఏది ఏదో తేల్చడం కష్టం. తేడా వచ్చేది 8 బిట్ రికార్డింగుకూ 10 బిట్ రికార్డింగుకూ మధ్య. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్‌లో 1024. వరిచేల మీద సాయంత్రపు ఆకాశం 8 బిట్ లాగ్‌లో తీసి రంగులు దిద్దబోతే చారలు చారలుగా విడిపోతుంది. స్టూడియోలో వాడు వాడుతున్నది అలాంటి పాత కెమెరా అయితే, వాడికి నచ్చని బొమ్మకు కారణం అదే కావచ్చు. 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా దాచే పద్ధతి) రికార్డు చేసే ఏ హైబ్రిడ్ కొన్నా ఆ బాధ తీరుతుంది.

రాత్రి ముహూర్తాల దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎఫ్ఎక్స్3కైనా ఎఫ్ఎక్స్6కైనా ఎస్-లాగ్3లో రెండు బేస్ ఐఎస్ఓలు (వెలుతురుకు సెన్సర్ స్పందించే మూల మెట్లు) ఉంటాయి: 800, 12,800. వెలుతురు చాలక 6,400 పెడితే 12,800లో కన్నా ఎక్కువ నాయిస్, అంటే బొమ్మలో గరుకు చుక్కలు, వస్తుంది. 6,400 అంటే 800నే మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు రెట్టింపు) సాగదీసినట్టు. 12,800 దగ్గర సెన్సర్ తన సిగ్నల్‌ని వేరే విధంగా పెంచుకుంటుంది. ఇది తెలియక, కెమెరా పాతదైపోయిందని కొత్తది కొన్నవాళ్లు ఉంటారు.

ఎఫ్ఎక్స్6 నిజంగా డబ్బు దక్కించేది ఎండలో. మన ఊళ్లలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెడతాం. అలా అయితేనే ట్యూబ్‌లైట్లు మినుకుమినుకుమనవు. సినిమా పద్ధతిలో 24 ఫ్రేములు పెట్టినా షట్టర్ 1/50లోనే ఉంచాలి. ఇప్పుడు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం తీయాలనుకోండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ 800కి సరైన ఎక్స్‌పోజర్ అపర్చర్ (లెన్సు లోపలి కన్నం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్16, షట్టర్ 1/800. షట్టర్‌ని 1/50కి దించితే 4 స్టాపుల వెలుతురు ఎక్కువైంది. వెనకాల జనం మసకగా, ప్రభ స్పష్టంగా కనపడాలని అపర్చర్ ఎఫ్2.8కి తెరిస్తే ఇంకో 5. మొత్తం 9 స్టాపుల వెలుతురు ఎక్కడో ఆపాలి. అందుకు లెన్సు ముందు పెట్టే నల్లద్దమే ఎన్‌డీ ఫిల్టర్.

ఎఫ్ఎక్స్6లో ఆ నల్లద్దం కెమెరా లోపలే ఉంటుంది, చక్రం తిప్పితే 1/4 నుంచి 1/128 వరకు ముదురుతుంది. 1/128 అంటే 7 స్టాపులు. అపర్చర్ ఎఫ్5.6 దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. కొబ్బరిచెట్ల నీడలోంచి పొలం గట్టు మీదికి నడుస్తూనే సర్దుకోవచ్చు. ఎఫ్ఎక్స్3లోనూ ఏ7ఎస్ 3లోనూ ఇది లేదు, బయట బిగించుకోవాలి. ఎక్కువగా దొరికే 2 నుంచి 5 స్టాపుల దాకా తిప్పి ముదురు చేసుకునే వేరియబుల్ ఎన్‌డీ ఆ ఎండకు చాలదు, 6 నుంచి 9 స్టాపులది కావాలి. చవకది కొంటే కొస దాకా తిప్పినప్పుడు ఆకాశం మీద ఇంటూ గుర్తులా నల్లటి నీడ పడుతుంది, పెళ్లికూతురి పచ్చటి ముఖం పాలిపోతుంది. అది ఫిల్టర్ తప్పు, నింద మాత్రం కెమెరా మీద పడుతుంది. లెన్సులు మార్చినప్పుడల్లా ఫిల్టర్ విప్పి బిగించడం కూడా చిరాకే. అన్ని లెన్సుల్లోకీ పెద్ద నోరున్నదాని కొలతకు ఒక్క ఫిల్టర్ కొని, మిగతావాటికి, చిన్న నోటి లెన్సుకు పెద్ద ఫిల్టర్ పట్టించే స్టెప్-అప్ రింగులు వేసుకోమనండి.

ఇక నమ్మకం సంగతి. మాంగల్యధారణ వేళ కెమెరా ఆగిపోతే పంతులుగారిని ఇంకోసారి కట్టించమనలేం కదా. ఆగిపోవడానికి మొదటి కారణం వేడి. 2020లో వచ్చిన కానన్ ఆర్5 మొదట్లో 8కేలో సుమారు 20 నిమిషాలకే వేడెక్కి రికార్డింగ్ ఆపేసేది. అందుకే 2022లో అదే కెమెరాకు ఫ్యాన్ పెట్టి ఆర్5 సి తెచ్చారు. ఎఫ్ఎక్స్3, ఎఫ్ఎక్స్6 రెంటికీ ఫ్యాన్ ఉంది. ఏ7ఎస్ 3కి లేదు, అయినా 4కే 25 ఫ్రేముల్లో బాగానే ఓర్చుకుంటుంది. అయితే ఈ కెమెరాలకు కంపెనీ చెప్పే హద్దు 40 డిగ్రీలు. మే నెలలో రాజమండ్రి ఎండ ఆ హద్దు దాటుతుంది, నల్లటి కెమెరా ఒళ్లు ఇంకా ముందే దాటుతుంది. ఫ్యాన్ బయటి గాలికన్నా చల్లగా ఏ కెమెరానీ చెయ్యలేదు. గొడుగు పట్టడం, తెర విప్పి ఒంటికి దూరంగా ఉంచడం, హైబ్రిడ్ సోనీల్లో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్‌ని హైలో పెట్టడం, ఖాళీ దొరికితే కెమెరా ఆపెయ్యడం, ఇవే చెయ్యగలిగింది. ఫ్యాన్ ఉన్న కెమెరాలో రికార్డింగ్ సమయంలో ఫ్యాన్ ఆపే సెట్టింగ్ పెట్టి మరిచిపోకూడదు.

మన డెల్టాలో వేడికన్నా తేమ నెమ్మదిగా, ఖాయంగా పాడుచేస్తుంది. ఏసీ హాల్లోంచి తెల్లవారుజామున బయటికి తేగానే అద్దం మీద చెమట పట్టి బొమ్మ మసకబారుతుంది. బయటికి తెచ్చేముందే సంచీలో పెట్టి జిప్పు మూసేసి, 20–30 నిమిషాలు అలాగే ఉంచాలి. అద్దం తుడిచినా లాభం లేదు, మళ్లీ పడుతుంది. తేమ 60 శాతం పైన నెలల తరబడి ఉంటే లెన్సు లోపల బూజు దారాలు అల్లుకుంటాయి. 40–50 శాతం దగ్గర ఉంచే డ్రై క్యాబినెట్ కొంటే మంచిది. ఆలోగా రబ్బరు అంచున్న గట్టి డబ్బా, అందులో తేమ చూపే చిన్న మీటరు, నీలం సిలికాజెల్ చాలు. గులాబీరంగుకు తిరిగితే మూకుట్లో సన్న సెగ మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేడిచేసుకోవచ్చు. అంతర్వేది తీర్థానికి వెళ్లొచ్చాక ఉప్పుగాలి పట్టిన ఒంటినీ, ఫ్లాష్ తగిలించే హాట్‌షూనీ ఆ రాత్రే కాస్త తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవాలి. సినిమా కెమెరాకైనా ఈ చాకిరీ తప్పదు.

రెండో కారణం కార్డు. రెండు కార్డుల్లో ఒకేసారి రికార్డు చేసే వసతి ఈ మూడింటికీ ఉంది. పెళ్లిలో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ కెమెరాలు చవకలో మంచి రా ఫుటేజ్ (సెన్సర్ పట్టినది పట్టినట్టు) ఇస్తాయి, షార్ట్ ఫిల్ములకు ముచ్చటగా ఉంటాయి. వాటిలో ఈ రెండు కార్డుల భద్రత లేదు, మనిషి కదిలితే వెంటాడే ఆటోఫోకస్ లేదు, బ్యాటరీ చూస్తుండగానే కరిగిపోతుంది. పెళ్లిపందిట్లోకి వద్దు.

మూడోది తీగలు. ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ తెరకు లైవ్ ఇవ్వడానికి హైబ్రిడ్‌లో హెచ్‌డీఎంఐ ఒక్కటే దారి. మామూలు కేబుల్ 10–15 మీటర్లు దాటితే నమ్మలేం, ఎవరి కాలో తగిలితే ఊడొస్తుంది. ఎఫ్ఎక్స్6లో ఎస్‌డీఐ ఉంది. అది టీవీ వాళ్లు వాడే వీడియో తీగ, కొసన తిప్పి బిగించే బీఎన్‌సీ, ఫుల్ హెచ్‌డీ అయితే మంచి కేబుల్ మీద వంద మీటర్ల దాకా లాగొచ్చు. దానికీ ఒక ప్రమాదం ఉంది: జనరేటర్ మీద నడిచే పందిళ్లలో ముందు కరెంటు తీగలన్నీ తగిలించి, ఆ తరవాతే ఎస్‌డీఐ బిగించాలి. విప్పేటప్పుడు ముందు ఎస్‌డీఐ, తరవాత కరెంటు. తారుమారు చేస్తే ఎర్త్ కరెంటు ఎస్‌డీఐ తీగ గుండా పారి కెమెరా బోర్డు కాలిపోవచ్చు. అప్పు మీద కొన్న కెమెరాకు ఆ రిపేరు ఎంత బరువో మీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి లైవ్ పని ఎక్కువుంటే ఎఫ్ఎక్స్6కి న్యాయం జరుగుతుంది. మీ వాణ్ని గడచిన ఏడాది పెళ్లిళ్ల పుస్తకం తీసి లెక్క రాయమనండి: ఎన్ని రోజులు పనిచేశాడు, అందులో లైవ్ ఎన్ని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఎన్ని. దగ్గరలో ఎఫ్ఎక్స్6 రోజు అద్దె ఎంతో కనుక్కుని కొనే ధరను దాంతో భాగించండి. మాటవరసకు కెమెరా ఒక్కటే ఆరు లక్షలు, అద్దె నాలుగు వేలు అనుకుంటే 150 రోజులు. ఏడాదికి 20 రోజులే అవసరమైతే అద్దెకే తెచ్చుకోవాలి. ఆషాఢం, శూన్యమాసం, మూఢం వచ్చినప్పుడు పెళ్లిళ్లు ఆగుతాయి, బ్యాంకు వాయిదా ఆగదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అప్పటికి లైవ్ పనుల్లో చెయ్యి తిరిగి ఉంటే ఈ లెక్క మళ్లీ వేసుకోవచ్చు.

ఇప్పటికి ఎఫ్ఎక్స్3 గానీ, మంచి స్థితిలో ఉన్న సెకండ్‌హ్యాండ్ ఏ7ఎస్ 3 గానీ చాలు. డబ్బు ఇంకా తక్కువైతే 2022లో వచ్చిన ఎఫ్ఎక్స్30. దాని సెన్సర్ సూపర్ 35 కొలత, అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది, రెండో బేస్ ఐఎస్ఓ 2,500 మాత్రమే, రాత్రి ముహూర్తానికి లైటు తోడు కావాలి. మిగిలిన డబ్బుతో 24–70 ఎఫ్2.8 లెన్సు, ఎన్‌డీ, వైర్‌లెస్ మైకులు, అసలు బ్యాటరీలు. హార్డ్‌డిస్కుల దగ్గరే చాలామంది ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు చేస్తారు. 4కే 10 బిట్ మామూలు రికార్డింగ్ సెకనుకు 140 మెగాబిట్లు, అంటే గంటకు 63 జీబీ. ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే ఆల్-ఇంట్రాలో 250 మెగాబిట్లు, గంటకు సుమారు 112 జీబీ. ఆరు గంటల పెళ్లి ఆల్-ఇంట్రాలో తీస్తే 675 జీబీ, రెండు కాపీలకు 1,350. పెళ్లికి 140 చాలు. ఆల్బమ్, వీడియో చేతికిచ్చి డబ్బు పూర్తిగా అందేదాకా రెండు కాపీలూ వేరువేరు ఇళ్లల్లో ఉండాలి.

సినిమా కోరిక మాట. సినిమాకు పెద్ద సినిమా కెమెరాలైన అలెక్సానో వెనిస్‌నో కెమెరామన్ కొనుక్కోడు, నిర్మాత అద్దెకు తెప్పిస్తాడు, అద్దె సంస్థ నుంచి కెమెరా అటెండెంటు కూడా వస్తాడు. సొంత ఎఫ్ఎక్స్6 ఉందని ఎవరూ సినిమా ఇవ్వరు. ఓటీటీ పేరు చెప్పి భయపడనక్కర్లేదు, నెట్‌ఫ్లిక్స్ ఆమోదించిన జాబితాలో ఎఫ్ఎక్స్3 కూడా ఉంది. వాళ్లడిగేది 4కే సెన్సర్, 10 బిట్ 4:2:2, 24 ఫ్రేములకు కనీసం 240 మెగాబిట్లు.

వాడికి డిగ్రీ ఉంది కాబట్టి పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలోనూ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనూ మూడేళ్ల సినిమాటోగ్రఫీ కోర్సులకు ప్రవేశపరీక్ష రాయొచ్చు. సీట్లు బాగా తక్కువ, అందుకని దాని మీదే కూర్చోకూడదు. రెండో దారి హైదరాబాద్‌లో కెమెరా అద్దె సంస్థలో గానీ, కెమెరామన్ దగ్గర అసిస్టెంటుగా గానీ చేరడం. అక్కడ మొదట కేసులు మోయిస్తారు, లెన్సులు తుడిపిస్తారు, కార్డులు కాపీ చేయిస్తారు. ఫోకస్ పట్టే పని చేతికి రావడానికి కాలం పడుతుంది, జీతం తక్కువ. తోట మీద అప్పు లేకుండా ఉంటే ఆ కాలం నెట్టుకు రాగలడు. వాయిదా నెత్తి మీదుంటే మొదటి మూఢంలోనే వెనక్కి వచ్చేస్తాడు.

ఏది కొన్నా, కొనేముందు ఒకరోజు అద్దెకు తెప్పించి పరీక్ష పెట్టమనండి. పగలు 12 గంటలకు నీడలో రెండు గంటలు ఆపకుండా 4కే రికార్డు చేసి ఆగుతుందేమో చూడాలి. నిలువు గడుల గేటు ముందు గబగబా అటూ ఇటూ తిప్పితే గడులు ఎంత వాలుతున్నాయో తెలుస్తుంది. రాత్రి డెకరేషన్ ఎల్ఈడీల ముందు, ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొడుతుండగా తీసి, చారలు గానీ సగం వెలిగిన ఫ్రేములు గానీ ఉన్నాయేమో ఇంట్లో ఫ్రేము ఫ్రేముగా చూడాలి. సెకండ్‌హ్యాండ్ అయితే మూత పెట్టి 12,800లో తీసి తెల్ల చుక్కలు లెక్కపెట్టాలి, హెచ్‌డీఎంఐ తీగ కదిలిస్తూ తెర చూడాలి, ఎఫ్ఎక్స్6 అయితే మెనూలో ఎన్ని గంటలు నడిచిందో అడగాలి. బిల్లు లేని కెమెరా ఎంత చవకైనా ముట్టుకోవద్దు.