థాయ్‌లాండ్ రైలే కొండల్లో గైడు: సంతకం పెడితే హక్కు పోతుందా?

ప్రశ్న: మేం నలుగురం హైదరాబాద్ నుంచి థాయ్‌లాండ్‌లోని రైలేకి రాక్ క్లైంబింగ్‌కి వెళ్తున్నాం. వాట్సాప్‌లో మాట్లాడుకున్న అక్కడి గైడు డబ్బంతా ముందే పంపమంటున్నాడు. ‘ప్రాణం పోయినా నాకు సంబంధం లేదు’ అన్న పత్రం మీద సంతకమూ అడుగుతున్నాడు. పెడితే ఇక దావా వేయలేమా?

జవాబు: వేయొచ్చు. అసలు ఆలోచించాల్సింది డబ్బు ఎవరికి కడుతున్నారన్నది.

థాయ్‌లాండ్‌లో 1997 నాటి అన్యాయ కాంట్రాక్టు షరతుల చట్టం ఉంది. నిర్లక్ష్యంతో ఒకరి ప్రాణానికో శరీరానికో హాని చేసి, ‘ముందే రాయించుకున్నా’నంటే దాని సెక్షన్ 8 ఒప్పుకోదు. కింద తాడు పట్టినవాడు ఫోన్ చూస్తూ మిమ్మల్ని జారవిడిస్తే ఆ కాగితం అతన్ని కాపాడదు. అతను వద్దంటున్నా మీరే హెల్మెట్ తీసేస్తే మాత్రం మీ తప్పూ లెక్కలోకొస్తుంది. హాని జరిగిందని, కారకుడెవరని తెలిసిన రోజు నుంచి ఏడాదిలోపే అక్కడ దావా వేయాలి. మన కోర్టు డిక్రీ అక్కడ నేరుగా అమలు కాదు.

అందుకే ఇక్కడ ఆఫీసున్న ట్రావెల్ సంస్థ ద్వారా వెళ్లండి. బిల్లులో గైడు, క్లైంబింగ్ అని స్పష్టంగా రాయించండి. సేవాలోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు.

నేరుగా గైడుతోనే అంటారా? కొంత అడ్వాన్సే ఇవ్వండి, అదీ క్రెడిట్ కార్డు మీద. గైడు రాకపోతే బ్యాంకులో వివాదం నమోదు చేసుకోవచ్చు. వ్యక్తిగత ఖాతాకు పంపిన డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం. టూరిజం శాఖ లైసెన్సు ఫొటో అడగండి. అక్కడ టూరిస్టు గైడు పని థాయ్ పౌరులకే పరిమితం. ఇంకో ప్రశ్న తప్పక అడగండి: ఎక్కించే రూట్లలో తాడు తగిలించడానికి రాతిలో దించినవి టైటానియం బోల్టులేనా? సముద్రపు గాలికి సున్నపురాతిలోని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు పైకి బాగానే కనిపిస్తూ లోపల చీలిపోతుంది. అతను ‘అవును’ అని రాసిన మెసేజే రేపు మీ సాక్ష్యం. ఆ చాట్, ఆ ఫోన్ రెండూ దాచండి; ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో ఇక్కడ దాఖలు చేయొచ్చు.

ప్రమాదం జరిగితే ముందు వైద్యం, వెంటనే టూరిస్టు పోలీసులకు 1155కి ఫోన్. తాడు, హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ), ఊడిన బోల్టు ఫొటోలు అక్కడికక్కడే తీయండి. మర్నాటికి అవేవీ అలా ఉండవు.

ప్రయాణ బీమా మినహాయింపుల్లో ‘తాడు’, ‘గైడు’ అన్న మాటలు వెతకండి. ఉంటే సాహస క్రీడల రైడర్ (అదనపు కవరేజీ) వేయించుకున్నాకే విమానం ఎక్కండి.