రాత్రిపూట కంటి వెనక నొప్పి: పుట్టగొడుగా, ఆక్సిజనా?

ప్రశ్న: మా తమ్ముడికి ఏటా కొన్ని వారాలపాటు రాత్రి ఒంటిగంట ప్రాంతంలో ఎడమ కంటి వెనక పొడిచినట్టు నొప్పి. ఆ కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంది, ముక్కు బిగదీస్తుంది. పడుకోలేక ఇల్లంతా తిరుగుతాడు. గంటకు దానంతటదే పోతుంది. మైగ్రేన్ మాత్రలు పనిచేయలేదు. కోవిడ్‌లో కొన్న ఆక్సిజన్ మెషిన్ పెట్టినా లాభం లేదు. మత్తు పుట్టగొడుగులు తెప్పిస్తానంటున్నాడు. నిజంగా తగ్గుతుందా?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ఇవి క్లస్టర్ తలనొప్పి లక్షణాలు. మైగ్రేన్ వచ్చినవాళ్లు చీకటిగదిలో కదలకుండా పడుకుంటారు. ఇందులో కాలు నిలవదు. న్యూరాలజిస్టుకు చూపించి, ఒకసారి ఎంఆర్ఐ తీయించండి.

పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ మాట ఉత్త పుకారేం కాదు. 2006లో ప్రకటించిన ఒక అమెరికా పరిశోధనలో 53 మంది రోగులను అడిగితే, అది వాడిన 26 మందిలో 22 మంది నొప్పి ఆగిందన్నారు. అయితే అది నోటిమాట. యేల్ విశ్వవిద్యాలయం 2022లో ప్రకటించిన పరీక్షలో ఉన్నది 14 మందే. 70 కిలోల మనిషికి 10 మిల్లీగ్రాముల లెక్కన, సుమారు ఐదేసి రోజుల ఎడంతో మూడుసార్లు ఇచ్చారు. వారానికి మూడు నొప్పులు తగ్గినట్టు కనబడినా, లెక్కల్లో ఆ తేడా నిలవలేదు, కాకతాళీయమూ కావచ్చు. పైగా వాళ్లది తూచి పెట్టిన క్యాప్సూల్. మీ తమ్ముడికి దొరికేదాంట్లో మందెంతో, అసలు ఏ జాతిదో ఎవరు చెప్పాలి? కొన్ని విషపు పుట్టగొడుగులు కాలేయాన్నే తినేస్తాయి. లిథియం మందు వాడేవాళ్లు ఇలాంటివి తీసుకుంటే ఫిట్స్ రావచ్చు. మన దేశంలో సైలోసైబిన్ దగ్గర ఉంచుకోవడమే మత్తుమందులను నిషేధించే ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం.

ఆక్సిజన్ పనిచేయకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఇళ్లలో ఉండే మెషిన్లు చాలావరకు నిమిషానికి ఐదు లీటర్లవి, దానికి ముక్కు గొట్టమొకటి. క్లస్టర్‌కు కావలసింది నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, సంచి ఉన్న నాన్-రీబ్రీదర్ (వదిలిన గాలి మళ్లీ పీల్చనివ్వని) మాస్కుతో. నొప్పి మొదలైన వెంటనే కూర్చుని, కాస్త ముందుకు వంగి, 15 నిమిషాలు పీల్చాలి. మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి. పీల్చినప్పుడు సంచి పూర్తిగా చప్పబడిపోతోందంటే ప్రవాహం చాలడం లేదన్నమాట. 2009 నాటి పరీక్షలో ఇలా ఇచ్చినప్పుడు నూటికి 78 సార్లు పావుగంటలో ఉపశమనం దొరికింది, మామూలు గాలితో 20 సార్లే.

నిమిషానికి 12 లీటర్ల లెక్కన ఒక్క నొప్పికి 180 లీటర్లు ఖర్చు. బీ-టైప్ సిలిండర్‌లో 1,500 లీటర్లుంటాయి, ఎనిమిదిసార్లకు వస్తుంది. డాక్టరు చీటీతో మెడికల్ ఆక్సిజనే తీసుకోండి, వెల్డింగ్ షాపుది వద్దు. రెగ్యులేటర్ 15 లీటర్ల దాకా ఇచ్చేదేనా అని అక్కడే తిప్పి చూడండి. ఈ జబ్బున్నవాళ్లలో పొగతాగేవాళ్లు ఎక్కువ. ఆ గదిలో బీడీ, సిగరెట్టు, దీపం ఏదీ వెలగకూడదు.

నొప్పుల కాలం మొదలవగానే అవి రాకుండా ఆపడానికి వెరాపమిల్ మాత్రలు మొదలుపెడతారు, సాధారణంగా 80 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. మోతాదు పెంచే ప్రతిసారీ ఈసీజీ తీయాల్సిందే, గుండె లయ తప్పవచ్చు. నొప్పి వచ్చినప్పుడు సుమట్రిప్టాన్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ వేగంగా పనిచేస్తుంది, కానీ గుండెజబ్బు ఉంటే దాని జోలికి పోవద్దు.